ఫిర్యాదునకు హద్దులేల?

యానాము నుండి గౌతమీనదిపై వంతెన దాటినచో ఎదుర్లంక. ఈవలి యొడ్డున పుదుచ్చేరి పోలీసులు, ఆవలి యొడ్డున ఆంధ్రప్రదేశ్ పోలీసులు. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఆ వంతెనపై నడచుచున్న స్త్రీని ఎవడేని అటకాయించినచో ఆమె యే ఠాణా మెట్లెక్కవలయును? ఎన్నవ స్తంభమువద్ద ఆపద కలిగెనో లెక్కించుకొని పోవలయునా? హోసూరు, బళ్లారి, రాయచూరు, బరంపురము, పర్లాకిమిడి మున్నగు పట్టణములలో తరతరములుగ నున్న తెలుగువారి కీ ప్రశ్న వింతగ తోపదు.

చట్టము దీనికి సమాధానము చెప్పియే యున్నది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ననుసరించి, గుర్తింపదగు నేరము ఏ హద్దులో జరిగినను ఏ ఠాణావారైనను ఫిర్యాదు వ్రాసికొని తీరవలయును. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అందురు. స్త్రీలపై జరుగు కొన్ని ఘోరనేరముల సమాచారమును నమోదు చేయని యుద్యోగికి ఆరునెలలకు తక్కువగాని కఠినశిక్ష విధింపవలెనని 2013లోనే శాసించిరి. శాసనమున కొదువ లేదు. ఆ శిక్షాభయము ఠాణా గడప నెంతవరకు దాటినదన్నదే మా ప్రశ్న.

2019 నవంబరు 27వ తేదీ రాత్రి హైదరాబాదు చెంత నొక పశువైద్యురాలికి జరిగిన ఘోరమును పాఠకులు మరువరు. బిడ్డ కానరాలేదని పరుగున వచ్చిన కుటుంబమువారికి ఠాణాలో లభించిన సమాధానము, అది మా హద్దు కాదని. ముగ్గురు పోలీసువారు సస్పెండు చేయబడిరి. పదిదినములు తిరుగకమునుపే దేశమా సంగతి మరచెను. డిసెంబరు 6వ తేదీ వేకువను నలుగురు నిందితులు పోలీసు తుపాకులకు కూలగా, జనులు పోలీసులపై పూలు చల్లిరి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషను నివేదిక 2022 మే నెలలో వెల్లడియయ్యెను. ఆ కాల్పులు చంపు నుద్దేశముతోనే జరిగినవనియు, పదిమంది పోలీసులపై హత్యానేర విచారణ జరుపవలయుననియు నందు గలదు. ఆ పూలు చల్లినవారిలో నెందరు ఆ నివేదికను చదివిరో! ఫిర్యాదు వ్రాసికొనని ఠాణాను సంస్కరింపుమని యడుగుటకంటె తుపాకిని మెచ్చుట సులభము. ప్రభుత్వములకును అదియే సులభము.

ఠాణాధికారి ఫిర్యాదును త్రోసిపుచ్చుటకు కారణ మతని క్రూరత్వమని మేమనము. నేరముల లెక్క పెరిగినచో పైయధికారి సంజాయిషీ యడుగును. స్థానిక నాయకుని మాట వినకున్న నడిసంవత్సరమున బదిలీ. పగలు బందోబస్తు, రాత్రి దర్యాప్తు, రెంటికి నతడే. ఈ యేర్పాటు నేటిది కాదు. మదరాసు రాజధానిలో పన్ను వసూలుకై రైతులను హింసించుచున్నారని 1855లో విచారణసంఘము తేల్చిన పిమ్మట, 1859లో మదరాసు పోలీసు చట్టమును, 1861లో దేశమునకు పోలీసు చట్టమును వచ్చెను. అవి దొరతనమునకు విధేయమగు దళమును నిర్మించినవే గాని ప్రజలకు జవాబుదారియగు దళమును గాదు.

2006 సెప్టెంబరు 22వ తేదీన ప్రకాశ్‌సింగ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు దీనికి మందు చెప్పెను. ఠాణాధికారికి రెండేండ్ల స్థిరత్వము, శాంతిభద్రతల పనినుండి దర్యాప్తును వేరుచేయుట, పోలీసులపై ఫిర్యాదులు వినుటకు జిల్లా కొక ప్రాధికారము, అందు ముఖ్యములు. కర్ణాటకము 2012లోను, తమిళనాడు 2013లోను, మహారాష్ట్రము 2014లోను చట్టములు చేసినవి. అయిన నేమి? తమిళనాటి 2013 చట్టమున జిల్లా ప్రాధికారమునకు కలెక్టరు నధ్యక్షునిగను, పోలీసు సూపరింటెండెంటును సభ్యునిగను నిలిపిరి! కాపలావానిపై మొర నతని యజమానియే వినవలెనట.

భాషను గూర్చి యొకమాట. మదరాసు పేటలలోను, బెంగుళూరు కట్టడములవద్దను కూలిచేయు తెలుగు స్త్రీ లెందరో కలరు. నోటిమాటగ చెప్పిన ఫిర్యాదును వ్రాసి, చదివి వినిపించి, ప్రతిని ఉచితముగ నీయవలయునని అదే 173వ సెక్షను చెప్పుచున్నది. ఆమెకు రాని భాషలో చదివిన, వినిపించినట్లా? ఆమె వ్రేలిముద్ర వేసిన కాగితమున ఏమి యున్నదో ఆమెకే తెలియనిచో రేపు న్యాయస్థానమున ప్రతిపక్ష వకీలు దానినే యామెపై ప్రయోగించును. ఫిర్యాదిదారునకు తెలిసిన భాషలో చదివి వినిపింపవలయునని ఆయా రాష్ట్రముల హోంశాఖలొక ఉత్తరువు జారీచేయవలెనని మేము కోరుచున్నాము. దీనికి క్రొత్త చట్టము నక్కరలేదు, ధనము నక్కరలేదు.