చివరి ర్యాంకు చెప్పని సంగతి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇంజినీరింగ్ చదవాలన్న నిర్ణయం ఒకే రోజున జరిగేది కాదు. పదో తరగతి తరువాత ఎంపీసీలో, అంటే గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు కలిసిన ఇంటర్మీడియట్ గ్రూపులో చేరినప్పుడు సగం జరుగుతుంది, రెండేళ్ల తరువాత ప్రవేశ పరీక్ష ర్యాంకు కార్డు ముందు పెట్టుకుని వెబ్ ఆప్షన్లు నింపేటప్పుడు మిగతా సగం పూర్తవుతుంది. మొదటి సగాన్ని మందమనస్తత్వమని తీసిపారేయడం వ్యాసకర్తలకు అలవాటైపోయింది గానీ, ఎంపీసీ చదివినవారికి సాధారణ డిగ్రీ, ఆర్కిటెక్చర్, రక్షణ దళాలు, చార్టర్డ్ అకౌంటెన్సీ వంటి దారులు కూడా తెరిచే ఉంటాయి కనుక, పదిహేనేళ్ల వయసులో ఎక్కువ తలుపులు తెరిచి ఉంచే చదువును కోరుకోవడంలో తప్పు పట్టవలసినది పెద్దగా లేదు. చిక్కు రెండో సగంలో ఉంది.

వెబ్ ఆప్షన్లంటే కళాశాల, బ్రాంచి జంటలను ఇష్టాన్ని బట్టి వరుసగా పేర్చడం. ఆ వరుసను ఎక్కువ కుటుంబాలు గత ఏడాది చివరి ర్యాంకును బట్టి, అంటే ఆ కళాశాలలో ఆ బ్రాంచిలో ఆఖరి కన్వీనర్ సీటు (ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే సీటు) ఏ ర్యాంకు అభ్యర్థికి దక్కిందన్నదాన్ని బట్టి, నిర్ణయిస్తాయి. ఈ ఒక్క అంకెకు అంత బలం రావడానికి ఫీజుల ఏర్పాటే ప్రధాన కారణం. నియంత్రణ సంస్థల సిఫారసుపై ఖరారయ్యే కన్వీనర్ కోటా ఫీజు కళాశాలకు ఒకటిగా ఉంటుందే తప్ప బ్రాంచికి ఒకటిగా ఉండదు. అందువల్ల ఒకే ఆవరణలోని కంప్యూటర్ సైన్స్ సీటుకూ సివిల్ సీటుకూ ధర ఒక్కటే. 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే అర్హుల ఫీజును ప్రభుత్వమే కళాశాలకు చెల్లించే పథకం, ఎన్నో పేద ఇళ్లకు ఈ చదువును అందుబాటులోకి తెచ్చింది, అయితే ఆ ఇళ్లకు బ్రాంచిల మధ్య డబ్బు తేడా కనిపించే అవకాశం అసలే లేదు. మామూలు బజారులో కొరతను ధర చెబుతుంది; ఇక్కడ ధర మూగబోయింది కనుక ఆ పని చివరి ర్యాంకు చేస్తోంది. కానీ అది చెప్పేది నిరుడు ఇతరులు దేనిని ఎంతగా కోరారన్నదే. అక్కడి ప్రయోగశాల తెరుస్తారా, పాఠం చెప్పేవారు ఏడాదంతా ఉంటారా, నాలుగేళ్ల తరువాత ఆ పనికి గిరాకీ ఉంటుందా అన్నవాటికి దానిలో జవాబు దొరకదు.

చేరికకూ పట్టాకూ మధ్యనున్న నాలుగేళ్ల ఈ ఎడాన్ని గురించి అమెరికా ఆర్థికవేత్త రిచర్డ్ ఫ్రీమన్ 1976లోనే కొత్త ఇంజినీర్లపై ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన వాడిన సాలెగూడు నమూనా నిజానికి పంటల మార్కెట్ల అధ్యయనం నుంచి వచ్చింది: నిరుడు మిర్చికి ధర పలికిందని ఈ ఏడు అందరూ మిర్చే వేస్తే ధర పడిపోతుంది, ఆ భయంతో మరుసటి ఏడు సాగు తగ్గి ధర మళ్లీ లేస్తుంది, గీసి చూస్తే ఈ ఎగుడుదిగుళ్లు సాలెగూటిలా కనబడతాయి. జీతాలు బాగున్నప్పుడు చేరినవారంతా ఒక్కసారే బయటికి వచ్చే ఇంజినీరింగ్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది, పైగా రైతు మరుసటి ఏడు పంట మార్చగలడు గానీ విద్యార్థికి ఆ వెసులుబాటు లేదు. సంస్థలు ఈ ఊపును తగ్గించకపోగా పెంచుతున్నాయి. సీట్ల సంఖ్యపై ఉన్న గరిష్ఠ పరిమితిని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2024-25 నుంచి తొలగించింది; కళాశాలలు సివిల్, మెకానికల్ సీట్లు కుదించి కంప్యూటర్ సైన్స్, కృత్రిమ మేధ సీట్లను పెంచుకునే ధోరణి అంతకు ముందే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఒక దశలో ఏడు వందలు దాటిన ఇంజినీరింగ్ కళాశాలల్లో ఎన్నో తరువాత విద్యార్థులు లేక మూతపడిన సంగతి ఇంకా మరచిపోయేంత పాతది కాదు.

ఇంతకీ బ్రాంచికి అంత విలువ ఉందా? వృత్తిలోకి ఎవరు రావచ్చో నిర్ణయించడానికి న్యాయవాదులకు 1961 నాటి చట్టం, చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 నాటి చట్టం, ఆర్కిటెక్టులకు 1972 నాటి చట్టం ఉన్నాయి. ఇంజినీర్లందరికీ వర్తించే అలాంటి దేశవ్యాప్త లైసెన్సు చట్టం భారతదేశంలో లేదు. అందుచేత బీటెక్ వృత్తిలోకి ప్రవేశం కాదు, ఒక సాధారణ అర్హత మాత్రమే. పెద్ద సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీలు పలు బ్రాంచిల వారిని పరీక్ష పెట్టి తీసుకుని తామే కొన్ని నెలలు శిక్షణ ఇచ్చుకోగలుగుతున్నది ఇందువల్లనే. ఈ కొలువులే లక్ష్యమైతే, నాసిరకం కళాశాలలోని కంప్యూటర్ సైన్స్ కన్నా మంచి కళాశాలలోని ఎలక్ట్రికల్ మేలు కావచ్చు. ప్రోగ్రామింగ్‌లో లోతు కోరే కంపెనీల విషయంలో ఈ వాదన కొంత బలహీనపడుతుంది. నీటిపారుదల, రోడ్లు భవనాల శాఖల్లో సహాయ ఇంజినీరు ఉద్యోగాల విషయంలో పూర్తిగా తిరగబడుతుంది, ఎందుకంటే నోటిఫికేషన్‌లో అడిగిన బ్రాంచి పట్టా లేనివారు దరఖాస్తు కూడా చేయలేరు. అంటే బ్రాంచి విలువ అభ్యర్థి చేయదలచిన పనిని బట్టి మారుతుంది. అందరికీ ఒకే వరుస సరిపోదు.

అయితే చేయదలచిన పని ఏదో అభ్యర్థికి వెబ్ ఆప్షన్లు నింపే క్షణానికి తెలిసే అవకాశం చాలా తక్కువ. మూడు గంటల్లో గణితంలో ఎనభై, భౌతిక, రసాయన శాస్త్రాల్లో నలభై చొప్పున 160 ప్రశ్నలకు జవాబులు గుర్తించే ఆ ప్రవేశ పరీక్ష వేగాన్ని కొలుస్తుంది గానీ ఒక యంత్రాన్ని విప్పి చూడాలన్న ఆసక్తిని కొలవదు. డ్రాయింగ్ బోర్డు, వర్క్‌షాప్, ప్రోగ్రామింగ్ మొదటిసారి ఎదురయ్యేది బీటెక్ మొదటి ఏడాదిలో, ఆ ఏడాది పాఠ్యాంశాలు చాలావరకు బ్రాంచిలన్నింటికీ ఉమ్మడివే. కాబట్టి బ్రాంచి కేటాయింపును ఆ ఏడాది చివరికి జరపడం అసాధ్యమైన సంస్కరణ కాదు, కాకపోతే రిజర్వేషన్ల లెక్కలనూ యాజమాన్య కోటా బేరాలనూ కొత్తగా కూర్చవలసి వస్తుంది గనుక దానికి ఎవరూ తొందరపడరు.

ఈలోగా, బంధువుల మధ్య కాస్త చిన్నతనంగా భావించే పాలిటెక్నిక్ దారికి, అంటే పదో తరగతి తరువాత నేరుగా ఇంజినీరింగ్ డిప్లొమాలో చేరడానికి, మరింత మర్యాద దక్కవలసి ఉంది. డిప్లొమాలో కూడా బ్రాంచిని ఇచ్చేది ర్యాంకే. కానీ అక్కడి విద్యార్థి వర్క్‌షాపులోనూ పారిశ్రామిక శిక్షణలోనూ పనిని దగ్గరగా చూసిన తరువాత, ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరాలా, ఉద్యోగం చూసుకోవాలా, ఈ రంగాన్నే వదిలేయాలా అని ఆలోచించుకుంటాడు. ఎంపీసీ దారిలో వచ్చినవారికి ఆ వ్యవధి దొరకదు.