ఒథెల్లో రుమాలు, మెకాలే ధిక్కారము

షేక్స్పియరు మహాకవి రచించిన "ఒథెల్లో" నాటకమును జదివినవారికి చేతిరుమాలు కథ జ్ఞప్తియందుండక మానదు. ఆ రుమాలు మహిమను వర్ణించుచు నాయకుడు, నేర్పరులు కన్యల హృదయములనుండి తీసి భద్రపఱచిన మమ్మీ ద్రవములో దానికి రంగు వేసిరని చెప్పును. "మాక్బెత్"లో మంత్రగత్తెల కాగులోను మమ్మీ పడినది. 1612లో అచ్చయిన వెబ్స్టరు నాటకము "ది వైట్ డెవిల్"లో నొక పాత్ర, మమ్మీని మందుగా మ్రింగి వెంటనే క్రక్కివేయుటను ఉపమానముగా వాడినది. ఇట్టి తావులకు వచ్చినప్పుడు మన కళాశాలల ఉపన్యాసకులు పెక్కురు, ఇది బీభత్సరస పోషణార్థము కవి చేసిన కల్పన యని పుట త్రిప్పుచుందురు. ఆ మాట సరికాదు. ఈ విషయమున కవులు కల్పించినది బహు స్వల్పము.

ఆ కాలపు ఐరోపాలో మమ్మీ యనగా మందుల అంగడిలో తూచి యమ్మెడు సరకు. ఈజిప్టు సమాధులనుండి త్రవ్వితెచ్చిన శవములను పొడిచేసి దెబ్బలకు, లోపలి రక్తస్రావమునకు, మూర్ఛకు నిచ్చుచుండిరి. ఫ్రాన్సు రాజగు మొదటి ఫ్రాన్సిస్ గుఱ్ఱముపైనుండి పడినయెడల పనికివచ్చునని రేవల్చిన్నితో గలిపిన ఈ పొడిని వెంట నుంచుకొనెడివాడట. 1618లో లండను వైద్యుల కళాశాల ప్రకటించిన ఔషధ సంగ్రహమునందు మమ్మీకిని, మానవ కపాలమునకును చోటు గలదు.

ఇంత ఘోరమున కంతకు మూలము ఒక భాషాంతరీకరణ దోషము! పారసీక దేశమున కొండలనుండి స్రవించు నల్లని జిగురు పదార్థమునకు ముమియా యని పేరు. మన వైద్యులు వాడు శిలాజతువు దీనికి దగ్గఱి చుట్టమే. అరబ్బు వైద్యులు దానిని గాయములకు వాడుచుండిరి. వారి గ్రంథములు లాటిను భాషలోనికి మాఱినప్పుడు, ఈజిప్టు శవములకు బూసిన నల్లని పూతయే ముమియా యని యర్థము చేసికొనిరి. పిమ్మట పూతనుండి శవమునకు దిగిరి. జిగురునకు బదులు మనుష్యుడే మందయ్యెను. నిఘంటువు చూడకుండ తెనిగించు మన మిత్రులు ఈ కథను మనసున నుంచుకొందురు గాక.

గిరాకి పెరిగినకొలది మోసమును పెరిగినది. 1564లో గీ ద లా ఫొంతేను అను ఫ్రెంచి వైద్యుడు అలెగ్జాండ్రియా నగరమున నొక వర్తకుని కొట్టులో ముప్పది నలువది శవములు చూచి, ఇవి యెంత ప్రాచీనములని యడిగెను. వర్తకుడు నవ్వి, ఇవి తాను నాలుగేండ్లలో స్వయముగా తయారుచేసినవే యనియు, అవి యెవరి దేహములో యేమి రోగముతో చచ్చినవో తనకు పట్టదనియు చెప్పెనట. ఈ సంగతిని లోకమునకు దెలిపినవాడు అంబ్రాజ్ పారే యను శస్త్రవైద్యుడు. 1582లో మమ్మీపై నొక గ్రంథమే వ్రాసి, తాను దానిని నూఱుమార్లు ప్రయోగించియు ఎట్టి ప్రయోజనమును గానలేదని యతడు నిర్మొగమాటముగా జెప్పినాడు.

ఈ పారే చరిత్రము ఏ నవలకును దీసిపోదు. తుపాకి గాయములు విషపూరితములని నమ్మి, కాగుచున్న నూనెను వానిలో బోయుట ఆనాటి శస్త్రవైద్యుల పద్ధతి. టూరిను యుద్ధములో, 1537 ప్రాంతమున, ఇతని నూనె యైపోయెను. గత్యంతరములేక గ్రుడ్డుసొన, గులాబి తైలము, టర్పెంటైను కలిపి మిగిలినవారి గాయములకు పట్టించి, వారు తెల్లవాఱునప్పటికి చత్తురేమో యని రాత్రి నిద్రపోలేదు. వేకువజామున లేచి చూడగా పట్టు వేసినవారు సుఖముగానుండిరి. నూనె పోయబడినవారు జ్వరముతో, వాపుతో, బాధతో నుండిరి. మఱెన్నడును నూనె పోయనని యతడు నిశ్చయించుకొనెను. అయితే ఈ మహనీయుడే అదే పట్టణమున నొక శస్త్రవైద్యుని రెండేండ్లు ఆశ్రయించి యొక రహస్య తైలమును సంపాదించెను. అప్పుడే పుట్టిన కుక్కపిల్లలను ఎఱ్ఱలతో గూడ తైలమున నుడికించుట ఆ రహస్యము! ఒక గుడారమున రెండు తెగల రోగులను ప్రక్కప్రక్కన చూచినవాడు సత్యమును గనుగొనెను. అట్టి పోలిక లేక ఖ్యాతిని మాత్రమే నమ్మినచో, ఆ బుద్ధిమంతుడే కుక్కపిల్లలను గాచినాడు.

గాయమునకు గాక, గాయపఱచిన కత్తికి మందు పూయుట మఱియొక వింత. షేక్స్పియరు "టెంపెస్టు"ను డ్రైడను, డావెనెంటు 1667లో తిరుగ వ్రాసినప్పుడు ఈ చికిత్సను రంగస్థలము మీదికి దెచ్చిరి. ఇది పనిచేసినట్లు సాక్ష్యము చెప్పినవారు అబద్ధీకులు కారు. మందు కత్తికి పోవగా గాయమును కడిగి శుభ్రమైన గుడ్డతో గట్టి యూరకుండిరి; ఆనాటి లేపనములు తప్పిపోవుటయే రోగికి మేలైనది.

ఇక నేటి చారిత్రక నవలలును చలనచిత్రములును జేయు తప్పు వేఱు. పక్షిముక్కు ముసుగు ధరించిన వైద్యుని 1348 నాటి మహామారి కథలోనికి దింపుదురు. ఆ వేషము 17వ శతాబ్దమునకు జెందినది. అంతకన్న పెద్ద తప్పు, ఆనాటి రోగిచేత ఈనాటి జుగుప్సను పలికించుట. కపాల చూర్ణము దొరకుట భాగ్యమని నమ్మిన మనుష్యుని నోట ఛీత్కారము పెట్టినచో వేషము పాతది, మనసు క్రొత్తది యగును.

ఈ పరదేశపు ముచ్చట మన కేల యనువారికి ఒక సమాధానము గలదు. 1835 ఫిబ్రవరి 2వ తేదీన మెకాలే తన ప్రసిద్ధ లేఖలో, మన వైద్య సిద్ధాంతములు ఆంగ్లేయ పశువైద్యునికి సైతము అవమానకరములని వ్రాసెను. కలకత్తా సంస్కృత కళాశాలలోని వైద్య తరగతిని రద్దుచేయు ఉత్తరువు అంతకు కొలదిదినముల ముందే వెలువడినది. ఆ మెకాలేయే 1848లో ప్రకటించిన తన ఇంగ్లండు చరిత్రలో, రెండవ చార్లెస్ రాజు 1685లో మరణశయ్యపై నుండగా మానవ కపాలములనుండి తీసిన లవణమును అతని నోట బలవంతముగా పోసిరని వర్ణించినాడు. రెంటికి నడుమ పదుమూడేండ్లు. తన దేశమునకు నూటయేబదియేండ్ల వెనుక దానిని చరిత్ర యని క్షమించిన చేయి, మన దేశమునకు శిక్ష వ్రాసినది.

దీనినిబట్టి మన పాతమందు లన్నియు సత్యములని చప్పట్లు గొట్టువారితో మేము చేరజాలము. గ్రంథమునందున్నదనియు, పెద్దలు వాడిరనియు చెప్పియే ఐరోపా నాలుగు శతాబ్దములు శవములను మ్రింగినది. మన వైద్యులలో పారేవలె నూఱుమార్లు చూచితిని, ఫలము లేదని తన పద్ధతిని గూర్చి వ్రాసినవా రెందఱు? శిలాజతువును గూర్చియైనను అట్టి లెక్క నడిగిన, శ్లోకము చదువుట కంటె వేఱు సమాధానము మాకు దఱచుగా లభింపలేదు.

"ఒథెల్లో"ను తెనుగున కాంధ్రీకరించువారు ఆ మమ్మీ మాటను సుగంధ ద్రవ్యముగా మార్చివేయవలదని మా ప్రార్థన. ఉన్నదున్నట్లు వ్రాసి, క్రింద 1618 నాటి ఔషధ సంగ్రహమును పేర్కొనిన చాలును.