స్క్రాప్ అంటే చెత్తేనా?

కువైట్‌లో అమ్ఘరా పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది స్క్రాప్ యార్డులే. కారులో అటువైపు వెళుతుంటే వెనక సీట్లోని ఐదేళ్ళ పిల్లలు "స్క్రాప్ అంటే ఏంటి నాన్నా?" అని అడక్క మానరు. మనం "వేస్ట్" అంటాం. "వేస్ట్ అంటే?" "గార్బేజ్." ప్రోగ్రామర్ల భాషలో ఇది ఇన్ఫినిట్ లూప్. ఎంత తిరిగినా బయటపడం!

పైగా ఆ అర్థం సరైనదీ కాదు. చెత్తను ఎవరూ డబ్బిచ్చి కొనరు. స్క్రాప్‌ను తూకం వేసి కొంటారు. సెలవుల్లో ఊళ్ళో విన్న "పాత ఇనుప సామాన్లు కొంటాం" అనే కేక గుర్తుచేయండి. "విరిగినా ఇంకోలా పనికొచ్చేది" అని చెప్పండి. చెత్త అని నేర్పితే, ఎండలో ఆ ఇనుము విడదీసే మనుషుల పనీ చెత్తేనని పసిమనసులో పడిపోతుంది.

తర్వాతి ప్రశ్న "రీసైకిల్". ఇంకో సైకిల్ అనుకుంటారు పాపం! "రీ" అంటే మళ్ళీ. "సైకిల్" అంటే గుండ్రంగా తిరిగేది. గ్రీకు నుంచి వచ్చిన ఈ మాట మన "చక్రం"కి దూరపు చుట్టమే. వాడేసిన వస్తువు మరో రూపంలో మన దగ్గరకు తిరిగిరావడమన్నమాట. ఉదాహరణ ఇక్కడే ఉంది. కువైట్ ఎడారిలో పేరుకుపోయిన 4 కోట్ల 20 లక్షలకు పైగా పాత టైర్లను 2021 నాటికి సాల్మీకి తరలించారు. అక్కడి కర్మాగారంలో టైర్లను ముక్కలు చేసి, నేలమీద పరిచే రబ్బరు పలకలుగా మార్చారు.

కాబట్టి ఇంగ్లీషు మాటకు మరో ఇంగ్లీషు మాట అంటగట్టకండి. ముందు వస్తువు చూపండి, అదేం చేస్తుందో తెలుగులో చెప్పండి, ఆపైన వాళ్ళ చేతే ఒక వాక్యం చెప్పించండి. అర్థమూ నిలుస్తుంది, ఇంట్లో తెలుగూ నిలుస్తుంది.