గల్లా పెట్టె తాళం ఎవరి దగ్గర?

(ఊరు, వాడ, రూపాయి: 6వ భాగం)



"స్కానర్‌కి కులం లేదు సార్, ఎవరు కొట్టినా డబ్బు పడుతుంది." ఈ మాట ఈ మధ్య సెమినార్లలో వింటున్నాం, మన పిల్లల నోటా వింటున్నాం. ఫోన్లో డబ్బులు వచ్చాక అంటరానితనం దానంతటదే పోతుందని ఒక నమ్మకం. రైళ్లు వస్తే కులం పునాదులు కరిగిపోతాయని 1853లో మార్క్స్ అంతటివాడే రాశాడు. రైలు వచ్చింది, కులం టికెట్ కొనుక్కుని ఎక్కి కూర్చుంది. హోటల్ వచ్చింది, రెండు గ్లాసుల పద్ధతి దాని వెనకే వచ్చింది.

స్కానర్‌కి కులం లేకపోవచ్చు. కొట్టేవాడికి ఉంది. స్కాన్ చేయగానే అతని ఫోన్ మీద ఒక పేరు వస్తుంది. వ్యక్తిగత ఖాతా స్కానర్ అయితే బ్యాంకులో ఉన్న పేరే, ఇంటిపేరుతో సహా వస్తుంది. తెలుగునాట ఇంటిపేరు చాలు, మిగతాది ఊరు పూర్తి చేసుకుంటుంది. ఒకప్పుడు మన అవ్వల చేతిలో డబ్బు పెట్టేవాళ్లు కాదు. పైనుంచి జారవిడిచేవాళ్లు, లేదా అరుగు మీద పెట్టి తీసుకోమనేవాళ్లు. ఇప్పుడు ఆ శ్రమ కూడా తప్పింది. చెయ్యి తగలకుండా డబ్బిచ్చే ఏర్పాటు దేశమంతటికీ అమరింది. దీన్ని సమానత్వం అంటే నేను ఒప్పుకోను. జాషువా 'గబ్బిలం' చదివారు కదా. గుడిలోకి గబ్బిలం పోగలదు, దానితో కబురంపినవాడు పోలేడు. ఇవాళ రూపాయి ఆ గబ్బిలం లాంటిది. ఊరికీ వాడకీ మధ్య హాయిగా ఎగురుతోంది. మనిషి ఉన్నచోటే ఉన్నాడు.

అయితే స్కానర్ వద్దనాలా? ఇక్కడే మనవాళ్లతో నా తగాదా.

ఇది కార్పొరేట్ ఉచ్చు, మన డేటా కంపెనీలకు పోతుంది, మన చిన్న వ్యాపారులు నగదే తీసుకోవాలి అని రాసే మిత్రులున్నారు. రాసి, బయటికొచ్చి, టీ తాగి, ఫోన్‌పే కొట్టి వెళ్తారు. డేటా గురించి వాళ్ల భయం అబద్ధం కాదు. కానీ ఆ భయానికి ఖరీదు ఇడ్లీ బండి అక్క ఎందుకు కట్టాలి? "ఫోన్‌పే ఉందా?" అని అడిగి, లేదంటే పక్క బండికి పోయే కుర్రాడు ఆమెను సిద్ధాంతం అడగడు.

2016 నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దు చేశారు. డిసెంబర్ 30న ఒక యూపీఐ యాప్ విడుదల చేసి 'భీమ్' అని పేరు పెట్టారు. అది బాబాసాహెబ్ పేరేనని ప్రధాని చెప్పారు. 1923లో 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రుపీ' అచ్చువేసిన ఆర్థికవేత్త పేరు డబ్బు యాప్‌కి పెడితే నాకేం అభ్యంతరం లేదు. నా ప్రశ్న ఒక్కటే. యాప్ మీద ఆయన పేరుంది. వీధిలో స్కానర్ల మీద ఆయన జనం పేర్లు ఎన్ని ఉన్నాయి?

మా కాలేజీ ఉన్న ఊళ్లో నెల రోజులుగా ఇదే గమనిస్తున్నాను. బండి ఆమెది. పిండి రుబ్బేది ఆమె. తెల్లారుజామున నాలుగింటికి లేచేది ఆమె. బండికి అతికించిన స్కానర్ మాత్రం ఒకచోట అల్లుడిది, ఒకచోట వెనక షాపు యజమానిది, ఒకచోట డైలీ ఫైనాన్స్ ఇచ్చినవాడిది. "నీకెందుకమ్మా ఈ తలనొప్పి, నా స్కానర్ పెట్టుకో, రాత్రికి లెక్క చూసుకుందాం." వినడానికి సాయంలాగే ఉంటుంది. గల్లా పెట్టె ఆమె ముందు పెట్టి, తాళం చెవి ఇంకొకడు జేబులో వేసుకుపోవడం ఇది. ఫైనాన్స్ వాడైతే రాత్రికి తన వాయిదా కోసుకుని మిగిలింది చేతిలో పెడతాడు. మన తాతల పాలేరు పద్దు కూడా కామందు పుస్తకంలోనే ఉండేది. పుస్తకం పోయి ఫోన్ వచ్చింది, అంతే తేడా.

కంటికి కనపడని నష్టం ఇంకొకటుంది. ఏడాదంతా ఆమె చేసిన వ్యాపారం బ్యాంకు దృష్టిలో అతను చేసినట్టు. వీధి వ్యాపారుల కోసం 2020లో పీఎం స్వనిధి పథకం తెచ్చారు. 10,000 రూపాయల తొలి రుణంతో మొదలై, కట్టేకొద్దీ పెద్ద రుణం ఇస్తామన్నారు, డిజిటల్ చెల్లింపులకు క్యాష్‌బ్యాక్ అన్నారు. ఆమె ఖాతాలో లావాదేవీలే లేకపోతే క్యాష్‌బ్యాక్ దేని మీద? రేపు ముద్ర రుణానికి వెళ్తే మేనేజర్‌కి చూపించేదేమిటి?

ఉద్యమంలో ఉన్నవాళ్లు ఈ మాట ప్రత్యేకంగా వినాలి. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం సాంఘిక, ఆర్థిక బహిష్కరణ నేరం. దాన్ని రుజువు చేయడం ఎంత కష్టమో కేసుల వెంట తిరిగినవాళ్లకు తెలుసు. "మేం వెలి వేయలేదు, వాళ్ల దగ్గర కొనబుద్ధి కాలేదు" అంటుంది ఊరు. నగదుకు సాక్ష్యం లేదు. అదే రోజూ నలభై చెల్లింపులు పడే ఖాతాలో, ఫలానా తేదీ నుంచి రెండే పడితే? ఆ స్టేట్‌మెంట్ ఒక్కటే కేసు గెలిపించదు. కానీ కోర్టులో అది నోరున్న కాగితం. అది అల్లుడి ఖాతాలో ఉంటే ఆమె తరఫున మాట్లాడదు.

అందుకే స్కానర్ పెట్టాలి, ఆమె పేరు మీదే పెట్టాలి అంటున్నాను. ఎలా?

మొదట సిమ్. నంబరు ఆమె పేరు మీద, ఫోన్ ఆమె చేతిలో ఉండాలి. ఆ నంబరే బ్యాంకుకు ఇవ్వాలి. తర్వాత ఖాతా. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన 'చిన్న ఖాతా' అయితే ఏడాదికి లక్షకు మించి జమ కాకూడదు, నిల్వ 50,000 దాటకూడదు. రోజుకు వెయ్యి గిరాకీ ఉన్న బండికి ఆ లక్ష వంద రోజుల్లో నిండిపోతుంది. కాబట్టి ఆధార్, పాన్ పట్టుకెళ్లి పూర్తి కేవైసీ చేయించండి. ఆ తర్వాత వ్యాపారుల కోసం ఉన్న యాప్‌లో నమోదు చేసి వ్యాపార స్కానర్ తీసుకోండి. 2020 జనవరి నుంచి, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వచ్చే యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి దగ్గర ఎండీఆర్ రుసుము తీసుకోకూడదు. మాట్లాడే డబ్బాకు నెల అద్దె ఉంటే ఎంతో, ఏ రోజు కోస్తారో ముందే అడగండి.

మోసాల సంగతి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నాడంటే వాడు దొంగ. స్క్రీన్‌షాట్ చూపిస్తే లెక్క కాదు, మన ఖాతాలో పడితేనే లెక్క. మన స్టిక్కర్ మీద ఎవరైనా తమ స్టిక్కర్ అతికించారేమో రోజూ పొద్దున్నే చూసుకోవాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎవరో మోసం చేసి తెచ్చిన సొమ్ముతో మన దగ్గర కొన్నా మన ఖాతా ఫ్రీజ్ కావచ్చు. అప్పుడు ఏ స్టేషన్, ఏ ఫిర్యాదు మీద ఆపారో బ్యాంకును రాతపూర్వకంగా అడగాలి. ఆ అర్జీ రాసిపెట్టడం మన పని.

ఇక పన్ను భయం. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులిస్తే, బెంగళూరులో చాలామంది స్కానర్లు పీకేశారు. ఆ కథ చెప్పి మన అక్కల్ని బెదిరిస్తున్నారు. సరుకుల వ్యాపారమైతే ఏడాది గిరాకీ ఆంధ్రలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు, టిఫిన్, భోజనాలైతే రెండుచోట్లా 20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్. రోజుకు రెండు వేలు అమ్మే బండి ఏడాదికి ఏడున్నర లక్షలు కూడా చేరదు. ఐదు బండ్లకు తన స్కానర్ అతికించిన షాపు యజమానికి ఆ భయం ఉండాలి, ఆమెకు కాదు.

చివరిగా పేరు. వ్యాపార స్కానర్‌లో దుకాణం పేరు పెట్టుకోవచ్చు. "ఇంటిపేరు కనపడకుండా ఏదైనా దేవుడి పేరు పెట్టుకో" అని ఏజెంట్లు సలహా ఇస్తారు. "దాచుకోవడం ఆత్మగౌరవం కాదు, భీమ్ టిఫిన్స్ అని పెట్టు" అని మనవాళ్లు ఒత్తిడి చేస్తారు. గిరాకీ పడిపోతే సాయంత్రం మిగిలిన పిండి ఆమె పారబోసుకుంటుంది, మనం కాదు. కాబట్టి నిర్ణయం ఆమెది. ధైర్యంగా పేరు పెట్టుకోమనేవాళ్లు ముందు రోజూ అక్కడ తిని, డబ్బు కట్టి, ఆ తర్వాత మాట్లాడండి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ ఆదివారం మీ వాడలో బండి, బడ్డీకొట్టు, కుట్టుమిషను ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లండి. స్కానర్ ఎవరి పేరు మీద ఉందో అడగండి. ఇంకొకరిదైతే కొత్తది పెట్టించే దాకా వెంట ఉండండి. పిన్ మాత్రం మీరు పెట్టకండి. ఆమె కొడుతున్నప్పుడు మొహం తిప్పుకోండి. తప్పు పడితే మళ్లీ కొట్టనివ్వండి. సంతలో నోటితో లెక్క కట్టే మనిషికి నాలుగంకెలు ఒక లెక్కా! స్కానర్ అతికించాక మొదటి ఇడ్లీ మీరే తినండి, మొదటి చెల్లింపు మీరే కొట్టండి.

వచ్చే భాగంలో డైలీ ఫైనాన్స్ వడ్డీ లెక్క.

జై భీమ్.