విరిగిన చేతికి వీణే మందు – మాత్ర తెలిసి వాడితే

ఎముక అతికి, కట్టు విప్పి, రోగి తన చేత్తో తాను అన్నం కలుపుకొని తిన్న నాడు ఇంటిల్లిపాదీ తేలికగా ఊపిరి పీల్చుకుంటారు. చికిత్స ముగిసిందని వైద్యులంటారు. గండం గడిచిందని బంధువులంటారు. ఆ చేయి అంతకు మునుపు అన్నం కలపడమే గాక మరేదైనా పని చేసేదా అని అడిగేవారు మాత్రం అరుదు. నా విషయంలో ఆ ప్రశ్న ఎవరూ అడుగలేదు. ఈ వయసులో ఏమనుకొంటారోనన్న సిగ్గుతో నేనూ చెప్పలేదు. ఆ మౌనం వల్ల నాలుగు నెలలు నష్టపోయాను. పాఠక సోదరీ సోదరులెవరూ అలా నష్టపోకూడదన్న తలంపుతోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది మేడ్చల్. 2022 మే నెలలో ఒక సాయంకాలం శామీర్‌పేటలోని మా వదినగారింటి నుండి స్కూటరు వెనుక కూర్చొని వస్తుండగా, గుర్తు వేయని ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఎగిరి పడింది. కింద పడుతూ ఎడమచేయి ఆనించాను. మణికట్టు వద్ద రెండు ఎముకలూ విరిగాయి. అప్పటికి నాకు 56 ఏళ్లు. శస్త్రచికిత్స చేసి లోపల ప్లేటు అమర్చారు. ఆగస్టు నాటికి కూరలు తరుగుతున్నాను, చీర మడతలు పెడుతున్నాను. "చేయి బాగుపడిందమ్మా, ఇక రానక్కరలేదు" అన్నారు. నిజమే, వంటింటికి చేయి బాగుపడింది.

నేను పన్నెండవ యేట నుండి వీణ వాయించేదాన్ని. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసిన ఏకాండి వీణ అది. మా అమ్మగారు కొని ఇచ్చారు. వీణకు ఎడమచేయి ఎంత ముఖ్యమో వాయించని వారికి చెప్పవలసి ఉంటుంది. దండి కింది నుండి చేయి పోనిచ్చి, అరచేతిని పైకి తిప్పి, మణికట్టు వంచి, చూపుడు వేలితో, మధ్యవేలితో తీగను మెట్టు మీద నొక్కి ప్రక్కకు లాగాలి. ఆ లాగడంలోనే గమకమంతా ఉన్నది. నా అరచేయి సగం దూరం తిరిగి ఆగిపోయేది. ఆ సంవత్సరం దసరాలో మూలా నక్షత్రం నాడు వీణకు పసుపు కుంకుమలు పెట్టి, పూలు వేసి, దండం పెట్టుకొని లేచాను. వాయించలేదు. "ఊరికే గూటిలో ఉండే బదులు మా మేనకోడలికి ఇద్దామా?" అన్నారు మావారు. ఆయన మంచి మనస్సుతోనే అన్నారు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

అంతకు ముందు చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. ఎవరో చెప్పగా ఒక మర్దనాకారుని వద్దకు పోయాను. వేడి నూనె పోసి, మోకాలి కింద నా చేయి పెట్టి, బలంగా మెలి తిప్పాడు. రెండు వారాలు చేయి వాచి, వేళ్లు ముడవలేకపోయాను. తైలాన్ని నేను నిందించను. గోరువెచ్చని మహానారాయణ తైలమో, నువ్వుల నూనెయో మెల్లగా రాసి, తగుమాత్రం కాపడం పెట్టడం వల్ల బిగుసుకున్న కండరాలకు ఎంత హాయిగా ఉంటుందో అనుభవించినదాన్నే. కాని బిగిసిన కీలును బలవంతంగా తిప్పడం ఏ శాస్త్రంలోనూ చికిత్స కాదు. కట్టు విషయంలోనే సుశ్రుతుడు ఎంత జాగ్రత్త చెప్పాడో చూడండి: వదులుగా కడితే సంధి నిలువదు, మరీ బిగిస్తే వాపు, నొప్పి, చర్మం పాకం చెందడం కలుగుతాయి, కనుక మధ్యస్థంగా కట్టాలని. ఆయన పేరు చెప్పి మొరటుతనం చేసేవారు ఆ భాగం చదివినట్లు లేదు.

ఆ వాపు తగ్గాక ఇద్దరి వద్దకు వెళ్లాను. ఒకరు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి, ఇంకొకరు ఒక వృద్ధ ఆయుర్వేద వైద్యులు. ఈసారి సిగ్గు విడిచి, "నాకు చేయి వంటకు కాదండీ, వీణకు కావాలి" అన్నాను. ఇద్దరి ధోరణీ ఆ ఒక్క వాక్యంతో మారిపోయింది. ఆ అమ్మాయి వీణ తెప్పించి, నేను కూర్చునే తీరు చూసి, ఏ వంపు ఎన్ని డిగ్రీలు కావాలో కొలిచి వ్రాసుకున్నది. వైద్యులుగారు నవ్వి, సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలోని భగ్నచికిత్సాధ్యాయం తీసి చూపించారు. అరచేతి ఎముకలు విరిగి అతికిన వానికి మొదట మట్టిముద్ద వంటి మెత్తని దానిని పట్టించి, చేతికి బలం వచ్చిన పిమ్మట రాయిని పట్టించమని అందులో ఉన్నది. ఈనాడు ఆసుపత్రులలో ఇచ్చే స్పాంజి బంతి, రబ్బరు ముద్ద అదే కదా! అదే అధ్యాయంలో వయసును బట్టి కాలం కూడా చెప్పబడింది: చిన్న వయసులో నెలకు సంధి స్థిరపడితే, మధ్య వయసులో దానికి రెట్టింపు, వార్ధక్యంలో మూడింతలు. సుశ్రుతుని లెక్కలో 70 ఏళ్ల దాకా మధ్య వయస్సే! ఆ మాట విన్నాక నాకు సగం జబ్బు తగ్గింది.

వినాయకచవితికి తెచ్చిన మట్టి మిగిలి ఉంటే దానినే తడిపి ముద్ద చేసుకున్నాను. పిసకడం, చదును చేయడం, వేళ్లతో గుంటలు పెట్టడం, ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. తరువాత చపాతీ పిండి. ఇంటిపనీ జరిగింది, చేతికి పనీ జరిగింది. కార్తీకంలో వదినగారింటికి వెళ్లినప్పుడు శామీర్‌పేట చెరువు గట్టున అరచేతిలో ఇమిడే నల్లరాయి ఒకటి ఏరుకొచ్చాను. ఆ ప్రాంతమంతా రాతి గుట్టలే కనుక ఎంచుకోవడానికి కొదువ లేదు. దానిని పట్టుకొని అరచేతిని పైకీ కిందికీ నెమ్మదిగా తిప్పడం నేర్చుకున్నాను. నవంబరు చివరకు అరచేయి దండి కిందికి చేరింది.

ఆహారం సంగతి అడిగేవారికి ఒక మాట. నల్లేరు లేత కణుపులు నేతిలో వేయించి పచ్చడి చేసుకొని తిన్నాను. దురద పోవాలంటే చింతపండు తప్పదు. భగ్నరోగికి పులుపు, ఉప్పు, కారం, రూక్షాన్నం వద్దని సుశ్రుతుడే అన్నాడు! ఈ రెంటికీ నేను రాజీ కుదర్చలేకపోయాను. వారానికి ఒకసారితో సరిపెట్టుకున్నాను. నల్లేరు మంచి ఆహారమే గాని, లోపల లోహపు ప్లేటు పెట్టిన ఎముకను నల్లేరు అతికించిందని చెప్పడం నా మటుకు నాకు అబద్ధమవుతుంది. పాలు, నువ్వులు, రాగిజావ, ఉదయపు ఎండ మానలేదు. యాభై దాటిన స్త్రీలు చిన్నపాటి జారుడుకే మణికట్టు విరుగగొట్టుకుంటే ఎముకల సాంద్రత పరీక్ష తప్పక చేయించుకోవాలి.

ఇక అసలు విషయం. మన భాషలో మాత్ర అంటే మింగే బిళ్ల. వైద్యశాస్త్రంలో మాత్ర అంటే మోతాదు. సంగీతంలో మాత్ర అంటే కాలపు కొలత. గాయపడిన వాద్యకారునికి ఈ మూడూ ఒకటే కావాలి. వ్యాయామం సగం శక్తితోనే చేయమని మన గ్రంథాలు చెబుతాయి. శ్వాస నోటికి వచ్చేసరికి అర్ధబలం వినియోగమైందని గుర్తు. చేతికి అటువంటి గుర్తు ఏదని వెదికాను. ఎడమ భుజం నాకు తెలియకుండానే పైకి లేవడం మొదలైతే అదే నా హద్దు. అక్కడ ఆపి వీణను ప్రక్కన పెట్టాలి, ఎంత మంచి సంగతి పలుకుతున్నా సరే.

మొదటి వారం రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కసారి అయిదే నిమిషాలు. మాయామాళవగౌళలో సరళీ వరుసలు, మొదటి కాలంలో. యాభై ఆరేళ్ల వయసులో చిన్నపిల్లల పాఠాలకు రావడం మనసుకు కష్టంగానే ఉంటుంది. గేటు దగ్గర ఎవరైనా వింటారేమోనని తలుపు వేసుకొని వాయించాను. మర్నాడు ఉదయం చేయి బిగుసుకోకపోతే వారానికి రెండు నిమిషాలు పెంచాను. బిగుసుకొంటే సగానికి తగ్గించాను. శ్రుతిని మూడు నుండి రెండున్నరకు దించాను. దానివల్ల తీగ బిగువు సుమారు పదో వంతు తగ్గుతుంది. లాగే వేలికి ఆ పదో వంతే వరం. వేళ్లు తిమ్మిరెక్కినా, మంటలు పుట్టినా, చేయి వాచి చర్మం నిగనిగలాడుతూ రంగు మారినా అది సాధనతో పోయేది కాదు. ఆనాడే వైద్యునికి చూపించాలి.

తొందరపడితే ఏమవుతుందో చెప్పడానికి అమెరికా పియానో విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్ జీవితం చాలు. 1960ల మధ్యలో ఆయన కుడిచేతి చివరి రెండు వేళ్లు ముడుచుకుపోయాయి. అది దెబ్బ వల్ల వచ్చినది కాదు, చేతికి మెదడు పంపే ఆజ్ఞలు దారి తప్పే వ్యాధి. మొదట ఆయన మరింత గట్టిగా సాధన చేసి పోగొట్టుకోవాలనుకున్నాడు, ఇంకా ముదిరింది. సుమారు మూడు దశాబ్దాలు ఎడమచేతి రచనలు వాయిస్తూ, శిష్యులకు పాఠం చెబుతూ గడిపి, సూదిమందు, మర్దన చికిత్సల తోడ్పాటుతో 1990లలో మళ్లీ రెండు చేతులా వాయించాడు. 2004లో వెలువడిన ఆయన రికార్డు పేరే 'రెండు చేతులు'. మనకు మరింత దగ్గరి ఉదాహరణ నర్తకి సుధా చంద్రన్. 1981లో ప్రమాదం వల్ల కాలు పోయినా జైపూర్ పాదంతో 1984లో తిరిగి వేదిక ఎక్కారు. ఆ కథతోనే తెలుగులో 'మయూరి' వచ్చింది. సినిమాలో చప్పట్లే మనకు గుర్తుంటాయి. కృత్రిమ పాదంతో మొదటి అడుగు నుండి మళ్లీ నేర్చుకొన్న నెలల సంగతి మాట్లాడుకునేవారు తక్కువ.

వైద్యులకు నా విన్నపం ఒకటే. డాక్టర్ శ్రీపాద పినాకపాణిగారు వైద్యకళాశాలలో ఆచార్యులుగా రోగులను చూస్తూనే సంగీత కళానిధి అయ్యారు. అందరూ పినాకపాణిగారు కానక్కరలేదు, "ఈ చేత్తో మీరు ఏమేమి చేసేవారు?" అని అడిగితే చాలు. మగ్గం నేసేవారికి, కుట్టుపని చేసేవారికి, తబలా వాయించేవారికి చేయి బాగుపడడం అంటే ఒకే అర్థం కాదు. ఇంటివారికి కూడా చెప్పవలసింది ఉన్నది. అపశ్రుతి పలికినప్పుడు నవ్వకండి. "ఈ వయసులో ఎందుకమ్మా" అనకండి. మావారు ఆ మేనకోడలి మాట మళ్లీ ఎత్తలేదు. సాయంత్రం ఆరింటికి టీవీ కట్టేసి, చాప పరచి, తలుపు దగ్గరగా వేసి పోతారు. ఏ లేహ్యమూ నాకు అంత మేలు చేయలేదు.

2023 దసరాలో పూజ అయ్యాక మోహనంలో గీతం ఒకటి, ఆపై ఒక వర్ణం మొదటి కాలంలో మాత్రమే వాయించాను. వదినగారు శామీర్‌పేట నుండి వచ్చి విన్నారు. చరణంలో ఒకచోట వేలు జారింది. ఇప్పుడు రోజుకు 40 నిమిషాల దాకా పోతున్నాను, మధ్యలో రెండుసార్లు ఆగి. శ్రుతి ఇంకా రెండున్నరలోనే ఉన్నది. తోడి ముట్టుకోలేదు, ఆ గాంధారాన్ని లాగే బలం మణికట్టుకు రావాలి. రాయి మాత్రం రోజూ పట్టుకుంటున్నాను.