కుటుంబ ట్రస్టులు - వాటాల లెక్క

భూవసతి గలవారును, పట్టణములందలి వర్తకులును తమ కంపెనీ వాటాలను కుటుంబ ట్రస్టుల కప్పగించుట నేఁడు వింత కాదు. దాయాదుల కలహములు లేక ఆస్తి మనుమల వఱకు నిలువవలెనను కోరికయు తప్పుపట్టఁదగినది కాదు; 1882 నాఁటి ట్రస్టుల చట్టమే అందుకు మార్గము చూపినది. కాని ఆ వాటాలు ట్రస్టునుండి వెలువడి కుటుంబములో నొకరి చేతికి వచ్చునాఁడు జరుగుచున్న ఉపేక్షనుగూర్చి మేము చెప్పవలసియున్నది.

"డబ్బు చేతులు మాఱలేదు, పన్ను లేదు, కావున చెప్పవలసినదియు లేదు" అని పెద్దలు పలువురు తలఁచుచున్నారు. మొదటి మాట నిజమే కావచ్చును. రెండవది సందేహాస్పదము. మూడవది ప్రమాదకరము. మరణానంతర ఆస్తిపన్ను 1985లోను, దానముపై పన్ను 1998లోను తొలఁగినవి గాని, వాటా నమ్మిననాఁటి లాభముపై పన్ను తొలఁగలేదు.

తాతగారు 1995లో పది రూపాయల చొప్పున వేయి వాటాలు కొని, 2010లో తిరిగి తీసికొనరాని ట్రస్టున కిచ్చిరనుకొందము. ట్రస్టే వానిని అమ్మినచో తాతగారి ధరయే దాని ధర. లేదా 2001 ఏప్రిల్ 1 నాఁటి విలువను ఎంచుకొనవచ్చును. ఇంతవఱకు చిక్కు లేదు. అమ్మక, 2023లో మనుమరాలి పేర వ్రాసిరి. బదిలీకి పన్ను లేదని చెప్పుకొని, తరువాత అమ్మునపుడు 2023 నాఁటి ధరనే కొనుగోలు ధరగా చూపుట ఒకే చెఱకును రెండుమారులు పిండుట గదా! పాత ధరనే చూపుదమన్నను కాగితము లేవి? స్టాకు ఎక్స్చేంజిలో ధర పలుకని కంపెనీకి 2001 నాఁటి విలువ కట్టువా రెవరు? తాతగారు లేరు, గుమాస్తా లేఁడు, ట్రస్టు దస్తావేజు ఏ పెట్టెలోనున్నదో తెలియదు.

ఇంతకన్న విషమమైనది వేఱొకటి కలదు. చట్టరీత్యా ట్రస్టు ఆస్తికి యజమాని ట్రస్టీయే గనుక, పలుచోట్ల వాటాలు ఆయన పేరనే నిలిచియుండును. బదిలీ జరిగినపుడు పినతండ్రి తన సొంత సొమ్ము ఇచ్చినట్లే కనఁబడును. ఈ రహస్యము ఇంటిలోనివారికి తెలియును, ఆదాయపు పన్నువారికి తెలియదు. 2021 నుండి ప్రతి పన్నుదారునికి చూపుచున్న వార్షిక సమాచార పత్రములో ఎక్స్చేంజి వెలుపలి వాటాల బదిలీలును చేరుచున్నవి. మనము వ్రాయకున్నను అక్కడ వ్రాసియుండును. వ్రాయని కారణమును మాత్రము మనమే చెప్పవలెను.

ప్రభుత్వమును నిర్దోషి యనఁజాలము. దానము, వీలునామా, ట్రస్టుల ద్వారా జరుగు బదిలీలకు గల మినహాయింపును 2024 సవరణ వ్యక్తులకును హిందూ అవిభక్త కుటుంబములకును పరిమితము చేసినది. ట్రస్టు తానే ఇచ్చునపుడు ఏ కోవకు చెందును? పండితులు పలువిధముల చెప్పుచున్నారు. 1961 నాఁటి చట్టమునకు బదులు 2025లో క్రొత్త చట్టము చేసిన పాలకులకు ఈ సందేహమును ఒక్క వాక్యముతో తీర్చుట దుష్కరము కాదు.

అంతవఱకు ట్రస్టీలు బదిలీ తేదిని, వాటాల సంఖ్యను, తొలి కొనుగోలు ధరను, ట్రస్టు దస్తావేజు నకలును లబ్ధిదారు చేతికిచ్చి రసీదు పొందవలెను. ఇద్దఱును ఆ సంవత్సరపు లెక్కలలో ఒకే మాట చెప్పవలెను.