కొలిచి చూశాకే కొత్త బ్యాటరీ

గల్ఫ్‌లో పాత కారు కొనుక్కున్న మనవాళ్లలో బ్యాటరీ బాధ పడనివాళ్లు తక్కువ. పొద్దున బాగానే స్టార్ట్ అయిన బండి సాయంత్రం సైటు దగ్గర టక్‌టక్‌మని ఊరుకుంటుంది. మర్నాడు ఏమీ ఎరగనట్టు మళ్లీ నడుస్తుంది. ఇలా వచ్చిపోయే జబ్బుకు మనం చేసే వైద్యం ఒక్కటే: కొత్త బ్యాటరీ. ఈ అలవాటు మానుకోవాలన్నదే మా మాట.

మేం నలుగురం షార్జాలో ఒకే ఫ్లాటులో ఉంటాం. నలుగురమూ డిప్లొమా చదివి కన్‌స్ట్రక్షన్ సైట్లలో సూపర్‌వైజర్లుగా చేస్తున్నాం. డబ్బులు కలిపి ఒక పాత జపాన్ కారు కొన్నాం. పోయిన ఎండాకాలం అది మొరాయించడం మొదలుపెట్టింది. బ్యాటరీ మార్చాం, 260 దిర్హమ్‌లు. పది రోజులకు మళ్లీ అదే కథ. "డైనమో పోయింది" అన్నాడు మెకానిక్. పాత సామాన్ల షాపులో సెకండ్‌హ్యాండ్ ఆల్టర్నేటర్ తెచ్చి వేయించాం. కూలితో కలిపి 350. రెండు వారాలు తిరక్కుండానే ఒక రాత్రి జబల్ అలీ నుంచి వస్తుంటే హెడ్‌లైట్లు దీపం పెట్టినట్టు మసకబారాయి. పక్కకు తీసి ఆపాం, ఇక సెల్ఫు తిరగలేదు. లారీలు దూసుకుపోతుంటే చీకట్లో గంటసేపు నిలబడ్డాం. ఆ నెల మాలో ఒకాయన ఇంటికి పంపే డబ్బులో కోత పెట్టుకున్నాడు. అవి పాప స్కూలు ఫీజు డబ్బులు.

ఆ రాత్రి మాకు సిగ్గేసింది. సైటుకు కాంక్రీటు వస్తే స్లంప్ టెస్టు చేయకుండా పోయనిస్తామా? క్యూబులు తీసి ల్యాబుకు పంపకుండా ఊరుకుంటామా? మరి మన బండి విషయంలో మాత్రం ఎవరో అన్న మాట పట్టుకుని జేబు ఖాళీ చేసుకుంటున్నాం.

మర్నాడే 30 దిర్హమ్‌లు పెట్టి మల్టీమీటర్ కొన్నాం. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12.2 అంటే సగం ఖాళీ. ఇంజిన్ నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.5 దాకా రావాలి. మా బండి పొద్దున చల్లగా ఉన్నప్పుడు 14 చూపింది, అంతా బాగున్నట్టే! అసలు కిటుకు ఇక్కడే ఉంది. వచ్చిపోయే జబ్బును అది వచ్చినప్పుడే పట్టుకోవాలి. అరగంట తిప్పి, ఇంజిన్ కాగాక, ఏసీ, హెడ్‌లైట్లు వేసి మళ్లీ కొలిచాం. బ్యాటరీ దగ్గర 12.6. ఆల్టర్నేటర్ దగ్గరే కొలిస్తే 14.2! మధ్యలో 1.6 వోల్టులు ఎటు పోయాయి? మీటరు ఒక కొన ఇంజిన్ బాడీకి, రెండో కొన బ్యాటరీ మైనస్‌కు పెడితే దొరికింది. అక్కడ 0.2 దాటకూడదు, ఆ 1.6 అంతా అక్కడే ఉంది. ఇంజిన్‌కు బిగించిన ఎర్తు వైరు బోల్టు కింద తుప్పు. కొత్త వైరు 15 దిర్హమ్‌లు, గరుకు కాగితంతో పది నిమిషాల పని. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది.

అందరికీ ఎర్తే కారణమని మేం అనడం లేదు. బెల్టు వదులై జారవచ్చు. ఆల్టర్నేటర్ లోపల బ్రష్‌లు అరిగి, వేడికి ఒకసారి పనిచేసి ఒకసారి మానేయవచ్చు. తాళం తిప్పగానే ఎర్రగా వెలగాల్సిన బ్యాటరీ లైటు వెలగకపోతే దాన్నీ చూడాలి. చాలా పాత బండ్లలో ఆ బల్బు మాడిపోతే ఛార్జింగే సరిగ్గా మొదలవదు. ఇక్కడి ఎండకు బ్యాటరీ త్వరగా చచ్చిపోయే మాటా నిజమే. అయితే ఏది నిజమో మీటరు చెప్పాలి గానీ ఊహ కాదు.

ఇంకో ముఖ్యమైన మాట. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "ఆగలేదు, డైనమో బాగుంది" అని తేల్చే పద్ధతి ఇంకా ఉంది. దయచేసి ఒప్పుకోకండి. ఒక్కసారిగా పెరిగే వోల్టేజికి ఆల్టర్నేటర్ డయోడ్లు, కంప్యూటర్ పెట్టె కాలిపోవచ్చు.

తప్పంతా మెకానిక్‌దే అనలేం. "త్వరగా చెయ్యి భాయ్, డ్యూటీ ఉంది" అని తొందరపెట్టేది మనమే. ఇకనుంచి ఎవరైనా ఏదైనా మార్చాలంటే ఒక్క ప్రశ్న అడుగుదాం: "మీటరులో ఎంత చూపింది?" అంకె చెప్పలేనివారికి మన కష్టార్జితం ఎందుకివ్వాలి?